ఎదురు రాత

జైల్లో ఉన్న ఆడవాళ్లకి కథలూ కవితలూ రాయడం నేర్పిస్తామంటే చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట అడగాలి. ఆ రాత ఎవరిది? రాసినాక ఎవరి చేతికి పోతుంది?

మాదిగపల్లెలో పుట్టినదాన్ని. జైలు మాకు కొత్త కాదు. మా పెద్దమ్మ సారా కేసులో సబ్ జైలుకి పోయింది. సారా కాయించింది ఊరి పెద్దమనిషి, కుండ దొరికింది మా పెద్దమ్మ దొడ్లో. ఏదో కాయితం రాసి వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో చచ్చేదాకా ఆమెకి తెలీదు. లోపలికి పోగానే కులం అడిగి చీపురు చేతికిచ్చారంట. "ఊళ్లో ఊడ్చిందే ఆడా ఊడ్చానమ్మా" అనేది. కులాన్ని బట్టి ఖైదీలకి పని పంచే జైలు నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరులో. అన్నేళ్లు పట్టింది!

అంటే జైల్లో మా మీద రాత ఎప్పుడూ జరుగుతానే ఉంది. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, రిజిస్టరు, తీర్పు అన్నీ మా కథలే. రాసినోళ్లు మాత్రం మేం కాదు. కాబట్టి ఖైదీ ఆడమనిషి కలం పట్టడం కాలక్షేపం కాదు. తన మీద వాళ్లు రాసిన రాతకి ఎదురు రాత.

సర్కార్లకి ఈ సంగతి బాగా తెలుసు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు యార్క్ మహిళా జైల్లో వాలీ లాంబ్ అనే నవలాకారుడు ఖైదీలకి రాయడం నేర్పాడు. వాళ్ల బతుకుకథలు 2003లో పుస్తకంగా వచ్చాయి. ఒక్కొక్కరికి దక్కేది ఆరు వేల డాలర్ల లోపే. సర్కారు ఏం చేసింది? జైల్లో పెట్టి పోషించినందుకు రోజుకి 117 డాలర్ల లెక్కన కట్టమని ఆ ఆడవాళ్ల మీదే దావా వేసింది. 2004లో వాళ్లలో ఒకామెకి పెన్ సంస్థ బహుమతి వచ్చేసరికి జైల్లో రాతల తరగతే ఆపేశారు. లోకం గోల పెట్టాకే వెనక్కి తగ్గారు. ఏడుస్తూ రాసుకున్నంతసేపూ అది చికిత్స. అచ్చయి, పైసలొచ్చి, పేరొస్తే నేరం!

మనమూ చూసిందే ఇది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు ఆ పాఠాల మీద మాట్లాడుకుంటూనే సారా కొట్ల మీదికి నడిచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం పెట్టక తప్పలేదు. అక్షరం సొంతమైతే ఊరుకోదు.

"బెయిలు దిక్కు లేనోళ్లకి కవిత్వమెందుకు?" అంటారు మనలోనే కొందరు. ఇదీ దొరల మాటే. కూడు కావాలి, వకీలు కావాలి, కలమూ కావాలి. ఒకటి చూపించి ఇంకొకటి ఎగ్గొట్టొద్దు. 2013లో తీహార్ ఆడఖైదీల కవితలు 'తిన్కా తిన్కా తిహార్' పేర పుస్తకమయ్యాయి. రాయగలరా అన్న అనుమానం ఇంక ఎవరికీ అక్కర్లేదు.

2022 చివరికి దేశంలో జైళ్లలో ఉన్న ఆడవాళ్లు 23 వేల పైచిలుకు. మొత్తం ఖైదీల్లో నలుగురికి ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. అట్లాంటామె గుండె విప్పి రాసిన మాట రేపు కోర్టులో ఆమె మీదికే రాదని ఎవరు పూచీ? నోటుబుక్కు జైలరు బల్ల మీదికి పోయేదైతే ఆమె ఏం రాస్తుంది? "పశ్చాత్తాపపడ్డాను, సార్లు మంచోళ్లు" అని రాస్తుంది.

అందుకే, నేర్పడానికి పోయే అక్కలారా, అన్నలారా, ముందు ఇవి అడిగి పొండి. చదువు రానామెకి అక్షరాలు దిద్దించండి. కేసు నడుస్తున్నామెకి వకీలుతో మాట్లాడించాకే రాయించండి. పేరు పెట్టాలో దాచాలో ఆమె ఇష్టం. అచ్చయితే హక్కూ డబ్బూ ఆమెవి. విడుదలైన రోజు నోటుబుక్కు ఆమె సంకలోనే బయటికి రావాలి. మా కన్నీళ్లు ఏరుకుని మీ పేరు మీద పుస్తకం వేసుకునేదైతే గేటు దగ్గరే ఆగిపొండి. మా కథ అట్లా ఎత్తుకుపోయినోళ్లు మాకు చాలామంది తెలుసు.