అదును దాటిన డబ్బు

2025 అక్టోబరులో పేపర్లలో ఓ వార్త వచ్చింది. ప్రపంచంలో అక్కడక్కడా కాపలా కాస్తున్న ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో నాలుగో వంతు మందిని, అంటే 13 వేల నుంచి 14 వేల మందిని, వెనక్కి పంపించాల్సి వస్తోందని. యుద్ధాలు ఆగిపోయాయని కాదు, చేతిలో డబ్బు లేక!

కర్నూల్లోనో, కడపలోనో కూర్చున్న మనకెందుకీ గొడవ అంటారేమో. ఇంతవరకూ మన దేశం నుంచి 2 లక్షల 90 వేల మందికి పైగా ఆ నీలి టోపీ పెట్టుకుని వెళ్ళారు. సుమారు 180 మంది తిరిగి రాలేదు. మరే దేశమూ అంతమందిని పోగొట్టుకోలేదు. పైరు ఎండిన ఏడు మిలిటరీ జీతం మీదే పొయ్యి వెలిగే ఇళ్ళు మన సీమలోనూ ఉన్నాయి కదా!

అసలీ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? సభ్యదేశాలన్నీ వాటాలు వేసుకుంటాయి. అందరికంటే పెద్ద వాటా అమెరికాది, నాలుగో వంతు పైచిలుకు. తర్వాత చైనాది. ఈ దళాల లెక్కల సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. సమితి ప్రధాన కార్యదర్శి ఒక్కో దళానికీ ఖర్చు అంచనా వేసి ఇస్తారు. నిపుణుల సలహా సంఘం దాన్ని పద్దు పద్దునా పరిశీలిస్తుంది. ఆపైన అన్ని దేశాల ప్రతినిధులూ ఉండే అయిదో కమిటీలో బేరాలు నడుస్తాయి. చివరికి సర్వప్రతినిధి సభ ఆమోదిస్తుంది. 2025-26కి అలా తేలిన మొత్తం సుమారు 540 కోట్ల డాలర్లు.

వినడానికి అంతా పద్ధతిగానే ఉంది. కానీ మంజూరైన డబ్బు వేరు, చేతికందిన డబ్బు వేరు. ఇది మన రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? విత్తనం బుడ్డలు తొలకరికి అందితే పంట. అదును దాటాక అందితే ఉడకేసుకు తినడానికే!

ఈ జబ్బు ఈనాటిది కాదు. 1960ల్లో కాంగోకి పంపిన దళాల ఖర్చులో తమ వాటా ఇవ్వమని సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ మొండికేశాయి. అవి సమితి ఖర్చులేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పినా అవి దిగిరాలేదు. ఆ తగాదాతో 1964లో మొదలైన సర్వప్రతినిధి సభ సమావేశం దాదాపు ఓటింగే లేకుండా గడిచిపోయింది. పెద్దదేశాలు ఇలా లెక్కల దగ్గర పోట్లాడుకుంటున్న ఆ కాంగోలోనే, 1961 డిసెంబరు 5న మన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చారు. ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు.

సకాలంలో లెక్క చూడకపోతే ఏమవుతుందో ఇంకో ఉదాహరణ. సైనికుల్ని పంపిన దేశానికి సమితి తలకి నెలకింతని తిరిగి చెల్లిస్తుంది. 2002లో ఆ రేటు 1,028 డాలర్లు. నడుమ కొంత అదనపు సొమ్ము ఇచ్చి సరిపెట్టారే గానీ, 2014 దాకా ఆ మూల రేటు మారనేలేదు! పన్నెండేళ్ళ కిందటి ధరకి సరుకులు తెమ్మంటే ఏ ఇల్లాలు తేగలదు? 2014లో 1,332 చేశారు. 2022కి 1,448 అయింది.

దీనికీ ఆడవాళ్ళకీ సంబంధం ఉంది. 2007లో మన సీఆర్‌పీఎఫ్ మహిళలు లైబీరియా వెళ్ళారు. సమితి చరిత్రలో అందరూ ఆడవాళ్ళే ఉన్న మొదటి పోలీసు దళం అది. 2016 దాకా అక్కడ గస్తీ తిరిగారు. వాళ్ళని చూసి అక్కడి అమ్మాయిలూ పోలీసుల్లో చేరారు. ఇప్పుడు డీజిలు ఖర్చు తగ్గించమంటే తగ్గేది ఆ గస్తీయే. గస్తీ తగ్గితే కట్టెలకీ నీళ్ళకీ పోయే ఆడపిల్లకి దిక్కెవరు?

అలాగని అడిగినంతా కళ్ళు మూసుకుని ఇవ్వమనడం లేదు. దుబారా ఉంది, అవినీతీ ఉంది. సమితి కొనుగోళ్ళ విభాగంలో పనిచేసిన ఓ భారతీయ అధికారే, కావలసినవాళ్ళకి కాంట్రాక్టులు దక్కేలా చేశాడని 2007లో న్యూయార్క్ కోర్టులో దోషిగా తేలాడు. తనిఖీ కోసం 1994లో అంతర్గత పర్యవేక్షణ కార్యాలయం పెట్టారు. మన కాగ్ కూడా 1993-99 మధ్యా, మళ్ళీ 2014-20 మధ్యా సమితి ఆడిటర్ల బోర్డులో ఉంది. అయితే డబ్బంతా ఖర్చయ్యాక చేసే ఆడిట్ శవపరీక్ష లాంటిది. తప్పు బయటపడుతుంది, పోయింది తిరిగి రాదు. ఇక దుబారా సాకు చెప్పి వాటా ఎగ్గొట్టడం మరీ అన్యాయం. కొట్టువాడు తూకంలో మోసం చేశాడని ఇంట్లో పిల్లల్ని పస్తు పెడతామా?

మన ఓర్వకల్లు పొదుపు సంఘాలకి 1990ల్లో ఇదే సమితికి చెందిన యూఎన్‌డీపీ చేయూతనిచ్చింది. పొదుపు సంఘాల్లో పద్ధతేమిటి? పుస్తకం అందరి ముందూ చదవాలి. బాకీ ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి. ఆ తర్వాతే కొత్త అప్పు. న్యూయార్క్‌లో కూర్చున్న పెద్దలకి ఈపాటి పద్ధతి చేతకాదా?

జూన్‌లో అక్కడ బడ్జెట్ తేలేటప్పుడు మనం ఇక్కడ వాన కోసం మొయిలు వంక చూస్తుంటాం. ఈసారి ఆ వార్త కనిపిస్తే పేజీ తిప్పేయకండి. సమితి నుంచి మన దేశానికి రావలసిన బకాయి ఎంత, ఎన్నాళ్ళుగా ఉంది అని పార్లమెంటులో అడగమని మీ ఎంపీకి ఓ కార్డు ముక్క రాయండి. కొడుకునో, కూతుర్నో పంపిన ఇల్లు ఆ లెక్క అడిగితే తప్పేముంది?