లెక్కకు ప్రమాణము

కంప్యూటరు విద్య పాఠశాలలయందు ప్రవేశించిన పిదప ప్రోగ్రాములు వ్రాయు అభ్యాసము విద్యార్థులలో నానాటికి వృద్ధినొందుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఒకరు సాధించిన సమస్యను మఱియొకరు చూచి వ్రాసికొనుటయు, యంత్రమునే అడిగి జవాబును గైకొనుటయు గూడ సాధనగానే ఎన్నబడుచున్నవి. అది సాధన కాదని నా అభిప్రాయము.

ఒక్క ఉదాహరణము చాలును. సంఖ్యలను వరుసగా నిలిపిన పట్టికను ప్రోగ్రాములు వ్రాయువారు ‘అరే’ యందురు. 1 మొదలు 100 వఱకు గల సంఖ్యలలో ఒకటి తక్కువగా 99 మాత్రమే, క్రమము లేక, అట్టి పట్టికలో నున్నవనుకొందము. లోపించినది యేది? నూఱు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయిన ఉపమానమును లూకా సువార్తలో చదివిన మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

మొదట తోచు మార్గము, 1 ఉన్నదా, 2 ఉన్నదా యని ఒక్కొక్కదానికై పట్టికను మొదటినుండి వెదకుట. ఇట్లు చేసిన ఎక్కువపక్షమున 5,049 పర్యాయములు పోల్చి చూడవలెను. సంఖ్యలు లక్షయైనచో ఆ పోలికలు ఇంచుమించు 500 కోట్లకు చేరవచ్చును. రెండవ మార్గము సులభము. 1 నుండి 100 వఱకు మొత్తము 5,050. పట్టికలోని సంఖ్యలను ఒక్కసారి కూడి, ఆ మొత్తమును దీనినుండి తీసివేసిన మిగులునదే లోపించిన సంఖ్య. ఇట్టి వరుసల మొత్తమును కనుగొను విధము 499వ సంవత్సరపు ఆర్యభటీయమునందే కలదు. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన తెనుగు చేసెను. కావున ఈ విద్య మనకు పరాయిది కాదు.

అయితే రెండు సంఖ్యలు లోపించినచో? తీసివేయగా 12 మిగిలిన, అవి 5, 7 కావచ్చును; 4, 8 కావచ్చును. వర్గముల మొత్తములను గూడ అట్లే తీసివేసి చూడవలెను. 74 మిగిలిన 5, 7 అనియు, 80 మిగిలిన 4, 8 అనియు నిశ్చయమగును. తాను ఆలోచించి సాధించిన బాలుడు మొదటి ఉపాయమునకు గల ఈ హద్దు నెఱుగును. చూచి వ్రాసినవాడు ప్రశ్న కొంచెము మాఱినంతనే తెల్లబోవును.

“జవాబు సరియైన చాలదా? మార్కులు వచ్చును గదా?” యని తలిదండ్రులు కొందఱు అడుగవచ్చును. యంత్రములే క్షణములో జవాబులిచ్చు ఈ దినములలో జవాబునకు కొఱత లేదు. అది సరియో కాదో తేల్చి చెప్పగలవారికే కొఱత. ఆ శక్తి మార్కులవలన రాదు.

మన కాణిపాకమున వరసిద్ధి వినాయకుని సన్నిధిని ప్రమాణము చేయుటకు అసత్యమాడువారు జంకుదురని ప్రతీతి. విద్యార్థి తన లెక్కకును అట్లే ప్రమాణము చేయగలిగి యుండవలెను. ఇందులకు వ్యయ మక్కఱలేదు. కంప్యూటరును ముట్టకముందు పది సంఖ్యలతో కాగితముపై సాధింపుడు. పిమ్మట ఉపాధ్యాయులు రెండే ప్రశ్న లడుగుదురుగాక: ఇది యేల సరియగును? ఎప్పుడు తప్పగును? ఈ రెంటికిని తన మాటలలో బదులు చెప్పగలిగిన నాడే ఆ లెక్క ఆ విద్యార్థి సొంతము.