గూడు కరిగించే పురుగు... గడ్డ కరిగించేనా?

హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే రైతుకు ఒకటే తొందర. లోపలున్న ప్యూపాకు రెక్కలొచ్చేలోపే సరుకు అమ్ముడుపోవాలి. పురుగు చిల్లు చేసుకుని బయటికొచ్చిందా, ఇక ఆ గూటి దారం ఏకపోగుగా రాదు.

ఇంతకీ అంత గట్టి గూట్లోంచి అది ఎలా బయటపడుతుంది? కొరకడానికి దానికి దవడలు కూడా లేవాయె! దాని ఆయుధమల్లా ఓ ఎంజైము. పేరు కొకూనేజ్. పట్టుపోగుల్ని అతికించిన జిగురును అది కరిగించేస్తుంది. పోగులు వదులైతే పురుగు వాటిని పక్కకు తోసుకుని వచ్చేస్తుంది. మన దసలి పట్టుపురుగు దగ్గరి చుట్టాల్లో ఈ కిటుకును హార్వర్డ్ శాస్త్రవేత్తలు కఫాటోస్, విలియమ్స్ 1964లో వివరించారు.

రక్తం గడ్డకట్టినప్పుడు కూడా ఫైబ్రిన్ అనే ప్రొటీను పోగులు వలలా అల్లుకుంటాయి. గుండెకో మెదడుకో వెళ్లే నాళంలో ఆ వల అడ్డుపడితే ప్రాణాల మీదికొస్తుంది. గూటిని సడలించే ఎంజైము ఈ వలనూ తెంపగలదా? ప్రయోగశాలలో తెంపింది. కానీ గాజునాళికలో జరిగింది మనిషి ఒంట్లో జరుగుతుందని రుజువు కాలేదు. కొకూనేజ్ ఇంకా మందు కాలేదు.

పట్టుపురుగుతో ముడిపడిన మాత్ర మాత్రం చాలా ఇళ్లలో ఉంది. పన్ను పీకించుకున్నప్పుడో, దెబ్బ తగిలి వాచినప్పుడో నొప్పి మాత్రతో కలిపి ఇచ్చే సెరాషియోపెప్టిడేజ్ అదే. అయితే అది పురుగు సొంత సొత్తు కాదు. దాని పేగుల్లో జపాన్ పరిశోధకులు కనుగొన్న బ్యాక్టీరియా తయారుచేసేది. రక్తపు గడ్డల్ని కరిగిస్తుందంటూ దీన్ని కొందరు సొంతంగా మింగుతుంటారు. అందుకు సరైన రుజువు లేదు. అంతేకాదు, ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించకపోవడంతో జపాన్‌లో టకెడా కంపెనీ 2011లో తన మాత్రను తానే వెనక్కి తీసుకుంది.

అలాగని ప్రాణుల నుంచి మందులు రావని కాదు. పురుగు జాతి కాకపోయినా జలగే అందుకు సాక్ష్యం. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదని 1884లో హేక్రాఫ్ట్ గమనించాడు. అందులోని హిరుడిన్ నమూనాగా తయారైన బైవాలిరుడిన్‌ను గుండె నాళాలకు యాంజియోప్లాస్టీ చేసేటప్పుడు వాడుతున్నారు. గమనింపు నుంచి ఇంజెక్షన్ దాకా రావడానికి వందేళ్లు పైనే పట్టింది.

పట్టుపురుగు మందు కూడా ఏదో ఒకనాడు రావచ్చు. అందాకా ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఎంజైము మాత్రలు వేసుకోకూడదు. రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, ఛాతీ పట్టేసినట్లున్నా మాత్రల డబ్బా వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.