పిల్లల మీద పావురమా, తల్లిదండ్రుల మీద కోపమా?

2011 జనవరిల అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంల ఒక సూపర్ మార్కెట్ వాళ్లు ఒక పత్రిక ముఖచిత్రాన్ని కప్పిపెట్టిన్రు. చిన్నపిల్లల కంట పడొద్దట! గా బొమ్మల ఏమున్నది? ఇంగ్లండ్ పాటగాడు ఎల్టన్ జాన్, ఆయన జోడీ డేవిడ్ ఫర్నిష్, వాళ్ల చేతుల అప్పుడే పుట్టిన కొడుకు. గంతే. జనం తిట్టినంక తీసేసిన్రు.

ఇసొంటి ముచ్చట వచ్చినప్పుడల్లా మన దిక్కు గూడా ఒకటే మాట వినవడ్తది: "పాపం, ఆ పిల్లల గతేంది?" అడగాల్సిన ప్రశ్ననే. కానీ అడిగెటోళ్లు జవాబు విననీకి ఉంటలేరని నాకనిపిస్తది. అమెరికాల పిల్లల డాక్టర్ల సంఘం 2013లనే చెప్పింది. అమ్మానాన్నలు ఆడనా మొగనా అన్నదానికన్నా, ఇంట్ల ప్రేమ, భద్రత, సుట్టూ ఉన్నోళ్ల ఆసరానే పిల్లలకు ముఖ్యమన్నది. అంటే సుట్టూ ఉన్న మనం ఎట్లుంటమన్నది గూడా లెక్కలకొస్తది.

2015ల ఇటలీ బట్టల డిజైనర్ డొమెనికో డోల్చే ఇట్ల పుట్టినోళ్లను కృత్రిమ పిల్లలన్నట్టు మాట్లాడిండు. ఆయన గూడా స్వలింగ ప్రేమికుడే! ఎల్టన్ భగ్గుమన్నడు, ఆయన బట్టలు కొనొద్దని పిలుపిచ్చిండు. తర్వాత డోల్చే క్షమాపణ చెప్పిండు. కోపం తల్లిదండ్రుల మీద, దెబ్బ మాత్రం మాటలు రాని పిల్లల మీద. ఇదెక్కడి న్యాయం?

సరోగసీ మీద ప్రశ్నలు ఉండొద్దంటలేను. కడుపుల మోసే ఆడామె పేదదైతే ఆమెకు న్యాయం జరిగిందా అని అడగాలె. కానీ అందరినీ ఒక్కతీరుగ అడగాలె. 2022ల నయనతార, విఘ్నేశ్ శివన్‌లకు కవలలు పుడితే తమిళనాడు సర్కారు విచారణ జేసింది, రూల్స్ తప్పలేదని తేల్చింది. అడిగింది చట్టం గురించే. ఇద్దరు మొగోళ్లయితే మాత్రం చట్టం పక్కకు పోయి ఎగతాళి ముందలికొస్తది.

మనకేం సంబంధం అనకున్రి. పెండ్లి హక్కు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కిన సుప్రియో, అభయ్‌లది మన హైదరాబాదే. 2023 అక్టోబర్ 17న తీర్పొచ్చింది. పెండ్లి హక్కు ఇయ్యలేదు. జంటగ పిల్లల్ని దత్తత తీసుకునే హక్కు గూడా 3–2 తేడాతోని పోయింది. ఇద్దరు జడ్జీలు ఇయ్యాలన్నరు, ముగ్గురు కాదన్నరు.

ఎల్టన్‌కు పైసలున్నయ్, పేరున్నది. తిట్లను తట్టుకుంటడు. కానీ మనం ఫోన్ల సూస్తూ పక్కున నవ్వినప్పుడు, పక్కనే కూసున్న దోస్తుగాడు ఎవ్వలకూ చెప్పుకోలేక తల దించుకోవచ్చు. ఆ నవ్వు ఎల్టన్ దాంక పోదు తమ్మీ, వానికే తాకుతది. పిల్లల మీద నిజంగ పావురముంటే ముందుగాల ఆ నవ్వు బంద్ జేయాలె.