కదలికల పగ్గం పాఠకుని చేతికివ్వండి

పుట తెరవగానే శీర్షిక ఎడమనుంచి దూసుకువస్తుంది, బొమ్మలు కిందినుంచి ఎగబాకుతాయి, బొత్తాములు వణుకుతాయి. ఇది అందమని మన జాలపుటల రూపకర్తలు ఎందుకు నమ్ముతున్నారో నాకు బోధపడదు. ఒకనాడు మార్కీ అక్షరాలను వెక్కిరించినవారే నేడు అంతకు మించిన తిరునాళ్లు జరుపుతున్నారు!

ఇది వట్టి చిరాకుతో పోయేది కాదు. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ దెబ్బతిన్నవారికి తెరమీది పెద్ద కదలికల వల్ల తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పుడు ఎందరో ఇదే మొరపెట్టుకున్నారు. 'నాకు కదలికలు తగ్గించండి' అన్న పాఠకుని కోరికను పుటకు తెలిపే సదుపాయం 2017లో సఫారీలోకి, 2018లో ఫైర్‌ఫాక్స్‌లోకి, 2019లో క్రోమ్‌లోకి వచ్చింది. అయితే బ్రౌజరు ఆ కోరికను తెలుపుతుందే తప్ప తానుగా పుటలోని కదలికలను ఆపదు. ఆపవలసినది పుటను రాసినవారే.

"వంద చోట్ల మార్చాలి, ఎవరివల్ల అవుతుంది?" అంటారు. ఈ సాకుకు కాలం చెల్లి ఏళ్లయింది. సీఎస్‌ఎస్‌లో కస్టమ్ ప్రాపర్టీలు ఫైర్‌ఫాక్స్‌లో 2014నుంచి, క్రోమ్‌లో 2016నుంచి ఉన్నాయి. రెండు అడ్డగీతలు పెట్టి ఏ పేరైనా రాసుకోవచ్చు, తెలుగు లిపిలో సైతం. పుట మొదట్లో --వ్యవధి, --దూరం అని రెండు ప్రకటించి, కదలికలన్నీ వాటినుంచే విలువ తీసుకునేట్టు రాస్తే, మార్చవలసినది ఒక్క చోటే.

రెండెందుకంటారా? తల తిప్పేది ప్రధానంగా జరుగుబాటు. మెల్లగా వెలిసి మాయమయ్యే బొమ్మ సాధారణంగా ఎవరినీ బాధించదు. --దూరం సున్నా చేస్తే జరుగుబాటు పోతుంది, వెలయడం మిగులుతుంది. ఈ వివేకం లేనివారు నక్షత్రం గుర్తుతో పుటలోని సమస్తం మీదా 'ఇంపార్టెంట్' గొడ్డలి వేస్తారు. ట్రాన్సిషన్ వ్యవధి సున్నా అయితే అది ముగిసిందన్న కబురే రాదు. ఆ కబురు కోసం కాచుకున్న జావాస్క్రిప్టు అక్కడే నిలిచిపోతుంది. అప్పుడు నింద పాఠకుని కోరిక మీదకు నెడతారు.

తనంత తానే మొదలై, ఇతర విషయాల పక్కనే అయిదు సెకన్లకు మించి కదిలేదానికి ఆపే వీలుండాలని డబ్ల్యూసీఏజీ నియమావళి 2008నుంచీ చెబుతోంది. అదీ కనీస స్థాయి నియమంగానే. 'యానిమేషన్ ప్లే స్టేట్' విలువను --స్థితి అన్న పేరునుంచి తీసుకునేట్టు రాస్తే, ఒక్క బొత్తాము నొక్కుతో పుటంతా నిలుస్తుంది. అటువంటి బొత్తామున్న తెలుగు వార్తల పుట ఎక్కడైనా మీకు తారసపడితే దయచేసి చెప్పండి, చూసి తరిస్తాను.