పాటలేని బడి

బిడ్డకు తొలిగురువు తల్లి యనుట మనకు పరిపాటి. ఆ గురువు చేతి తొలిపుస్తకము పాట యని తలంచువారు మాత్రము నానాటికి తక్కువగుచున్నారు.

విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టు పాతయూరి బజారు. అచట బేరమైనను, లెక్కయైనను గొంతెత్తియే జరుగును. ధాన్యము కొలుచునపుడు మనవారు మొదటి కొలతను ‘ఒకటి’ యనక ‘లాభము’ అని సాగదీసి యనుట పెద్దలెఱిగినదే. పలక పట్టకమునుపే అంకెలు మన బిడ్డల చెవులకు పాటగా చేరినవి. అట్టి బజారునుండి బడికేగు మూడేండ్ల పాపకు మనము నేర్పుచున్నదేమి? థేమ్సునదిపై వంతెన కూలుట! ఆ నదిని పాప యెఱుగదు. నేర్పు పంతులమ్మయు నెఱుగదు.

పాట వినోదమునకే యనుకొనువారొక్కటి గమనింపవలెను. తెలుగున కలము వేఱు, కాలము వేఱు. పలు వేఱు, పాలు వేఱు. ఈ హ్రస్వదీర్ఘభేదమును వ్యాకరణముచేత అయిదేండ్లవానికి బోధింపజాలము. చెమ్మచెక్క యాటలోని చప్పట్లు బోధించును. శతకపద్యపు మకుటమును అట్టిదే. వేమన పద్యమును పెద్దలు మూడు పాదములు చదువగా, నాలవపాదమును పిల్లవాడే అందుకొనును. అది వాని తొలివిజయము. సి. పి. బ్రౌను దొర 1829లో ఆ పద్యములను అచ్చువేయించుటకు మునుపు వానిని కాపాడినవి ఇట్టి గొంతులే కదా! తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) అంతటి వాగ్గేయకారుడును జాబిల్లిని పిలుచు పాట కట్టుట చిన్నతనమనుకొనలేదు.

ఉత్తరమున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల పాటలను, కథలను సేకరించి, వారి భాషలోనే వాచకములు వ్రాసి, స్వంతధనముతో బడులు నడిపిరి. వ్యావహారికభాషావాదమున వారితో నేకీభవింపనివారికిని ఈ పనియెడ చేతులు మోడ్పక తప్పదు.

ఆంగ్లము వలదని మేమనము. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును గల పట్టణమునకు దాని యవసరము కలదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒకటవ తరగతినుండి ఆఱవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమమును నిర్బంధము చేసెను. 2020 ఏప్రిల్ నెలలో ఉన్నతన్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసెను. ఈ తగవంతయు ఒకటవ తరగతితో మొదలైనది. అంతకు లోపలి పసివారి మాట అందు వినబడలేదు. పాటకు తగిన యీడు అదియే! 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల యీడునుండియే చదువును లెక్కించి, సాధ్యమైనచోట అయిదవ తరగతిదాక మాతృభాషలో బోధింపవలెననినది. వాక్యము మంచిది. ఆచరణమెక్కడ?

దీనికి నిధులక్కఱలేదు. పూర్ణా మార్కెట్టు చుట్టుపట్ల వీథులలో పాటలెఱిగిన ముసలమ్మలు ఇంకను కలరు. వారమునకు రెండుమారులు వారిని అంగన్‌వాడికి పిలిచి, పీటవేసి కూర్చుండబెట్టి పాడింపవలెను. పఠనమందిరములకు వచ్చు యువకులు ఆ పాటలను వ్రాసికొందురుగాక. వ్రాయునపుడు మాటలను దిద్దబోకుడు; ముసలమ్మ యెట్లు పాడిన నట్లే వ్రాయుడు.