కంది ధర పెరిగితే ఉరుకుతరు, పడితే చూస్తరు

మా ఇంట్ల సంక్రాంతి దాటినంక కందులు అమ్ముతం, మిరుగు దాటినంక దుకాణంల కందిపప్పు కొంటం. అమ్మేనాడు తేమ అని, తాలు అని, తరుగు అని కోస్తరు. కొనేనాడు ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అంత ఇయ్యాలె. మాది తాండూరు దిక్కు. 2022ల మా కందికి జీఐ గుర్తింపు వచ్చింది, పేరు దేశమంత తెలిసింది. ధర మాత్రం మా చేతుల లేదు.

క్వింటాల్ కందులు పప్పు పట్టిస్తే 70 కిలోలకు అటు ఇటుగ పప్పు వస్తది. మిగిలింది పొట్టు, నూక. అందుకే కందుల ధరకు, పప్పు ధరకు తేడా ఉంటది. అదంత దళారి దోపిడీ అనుడు సరికాదు. నేను అడిగేది వేరే. ధర పెరిగితే సర్కారు ఎంత జల్ది కదులుతది? పడితే ఎంత జల్ది కదులుతది?

పెరిగినప్పటి ముచ్చట ముందు చూద్దాం. 2024 జూన్ 21న కేంద్రం కందులు, శనగల నిల్వల మీద పరిమితి పెట్టింది. హోల్‌సేల్ వ్యాపారి 200 టన్నులు, చిల్లర దుకాణం 5 టన్నులు మించి పెట్టుకోవద్దు. బయటి దేశం నుంచి తెచ్చినోళ్లు కస్టమ్స్ దాటినంక 45 రోజులల్ల సరుకు అమ్మెయ్యాలె. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం ఉన్నది కాబట్టి ఒక్క ఉత్తర్వుతోని పని అయిపోయింది. 2023 జూన్‌ల గూడ గిట్లనే చేసిండ్రు. దిగుమతి తలుపులైతే 2021 మేలనే తెరిచిండ్రు, గడువు పెంచుకుంటనే వస్తున్నరు. మొజాంబిక్, మయన్మార్, మలావీ దేశాలతోని కందుల ఒప్పందాలు చేసుకున్నరు. 2024-25ల దేశంలకు వచ్చిన కందులు 12 లక్షల టన్నుల దాక ఉన్నయి.

ఇగ పడినప్పటి ముచ్చట. 2015ల పప్పు కిలో 200 రూపాయలు తాకింది. మరుసటేడు పత్తి తగ్గించి కంది వేయుమని మన రాష్ట్ర సర్కారే చెప్పింది. రైతులు విన్నరు. దేశంల పంట దగ్గర దగ్గర 49 లక్షల టన్నులు అయింది. మద్దతు ధర బోనస్‌తోని కలిపి 5,050 ఉంటే, మార్కెట్ల ధర దానికి చాన కిందికి పోయింది. అప్పుడు సర్కారు ఏం చేసింది? 2017 మార్చి ఆఖర్ల 10 శాతం సుంకం వేసింది. ఆగస్టుల దిగుమతికి 2 లక్షల టన్నుల హద్దు పెట్టింది. కందుల ఎగుమతి మీద ఏండ్ల సంది ఉన్న నిషేధం సెప్టెంబర్‌ల తీసింది. అన్నీ మంచి పనులే. కానీ మన కందులు జనవరి, ఫిబ్రవరిలనే అమ్ముడువోయినయి. చేను మేసి పోయినంక కంచె వేసినట్టు.

2025 జనవరిల గూడ అదే కథ. కొత్త కందులు మార్కెట్‌కు వస్తున్న రోజులల్లనే దిగుమతి గడువును 2026 మార్చి 31 దాక పొడిగించిండ్రు. మద్దతు ధర 7,550, బయట ధర దానికంటే కిందికి జారింది. 2025-26 పంటకు మద్దతు ధర 8,000 అన్నరు. రాసుడు సులువే.

దిగుమతి బందువెట్టమని నేను అంటలేను. దేశంల పండేది దేశానికి చాలదు. కూలికి పోయేటోళ్లకు పప్పు అగ్గువ దొరకాలె. చెప్పిన గద, మా ఇంట్ల గూడ కొంటం. కానీ మద్దతు ధర విత్తేనాడే చెప్తున్నప్పుడు, దిగుమతి సుంకం ఎట్లుంటదో గూడ అప్పుడే చెప్పొచ్చు. పంట వచ్చే డిసెంబర్ నుంచి మార్చి దాక, ధర మద్దతు ధర కిందికి పడితే సుంకం పెరగాలె. పైకి బాగ ఎక్కితే తగ్గాలె. ఈ లెక్క ముందే తెలిస్తే రైతు ఏం వేయాల్నో తేల్చుకుంటడు, వ్యాపారి ఎంత కొనాల్నో తేల్చుకుంటడు.

ఇంకొకటి. కంది, మినుము, మసూర్ పప్పులను నాలుగేండ్లు రైతులు ఎంత తెస్తే అంత కొంటమని 2025 కేంద్ర బడ్జెట్ల చెప్పిండ్రు. అక్టోబర్‌ల 11,440 కోట్లతోని పప్పుల మిషన్ మొదలువెట్టిండ్రు. గని కొనేది పేరు నమోదు చేసుకున్న రైతుల దగ్గరనే. మా ఊర్ల పోయినేడు ఒకాయన ఆరెకరాలు కౌలుకు చేసిండు. భూమి కాగితం ఆయన పేరు మీద లేదు, పట్టాదారు సంతకం పెట్టనన్నడు. కొనుగోలు కేంద్రం గేటు కాడికి గూడ పోకుండనే కల్లంలనే బేరగానికి పోసిండు. వడ్డీ కట్టే దినం వచ్చింది మరి. కౌలుదార్లకు దారి చూపకపోతే 'ఎంత తెస్తే అంత' అన్న మాట సగం మందికే పనికొస్తది.

ఫోన్ చేతుల ఉన్న తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఇది మన పని. పంట నమోదుల మీ చేన్ల కంది రాసిండ్రా, పత్తే రాసిండ్రా ఇప్పుడే చూడుండ్రి. అంతరపంట ఉంటే అడిగి రాయించుండ్రి. తేమ 12 శాతం దాటితే కేంద్రంల వాపస్ పంపుతరు, కాబట్టి నాయినకు చెప్పి రెండు దినాలు ఎక్కువ ఎండనియ్యుండ్రి. ఊర్లె కౌలుకు చేసేటోళ్ల పేర్లు రాసుకొని వ్యవసాయ అధికారి దగ్గరికి అందరు కలిసి పోండ్రి. జనవరిల మొత్తుకుంటే లాభం లేదు, అడిగేది కోతకు ముందే అడగాలె.